ఊపిరికి కావలి - డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ

తెలుగువారు ప్రాణమన్న మాటనూ ఊపిరి అన్న మాటనూ ఒకదానికి బదులుగా మరొకటి వాడుకుంటారు. ఆపదలో ఆదుకున్నవాడు ఊపిరి పోశాడంటారు. తుదివరకు విడువని పట్టుదలను ఊపిరి ఉన్నంతవరకు సాగే పట్టుదల అంటారు. మన ప్రాచీనులు దేహంలో సంచరించే వాయువును ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానములని ఐదు విధాలుగా విభజించి, శ్వాసను నడిపే వాయువుకే ప్రాణమని పేరు పెట్టారు. మెలకువలోనూ నిద్రలోనూ మన ప్రమేయం లేకుండానే సాగిపోయే ఈ క్రియను మనం సాధారణంగా గమనించము. అయితే శస్త్రచికిత్స కోసం మత్తులో మునిగిన మనిషి తన ఊపిరిని తాను కాపాడుకోలేడు. ఆ సమయంలో దానిని మరొకరు కనిపెట్టి ఉండాలి. ఈనాడు హుస్నాబాద్ వంటి ఊరి నుండి కరీంనగర్‌కో వరంగల్‌కో వెళ్ళి పెద్ద శస్త్రచికిత్స చేయించుకునే రోగి తలవైపున ఒక మత్తు వైద్యుడో వైద్యురాలో నిలిచి ఉంటారు. కత్తి పట్టినవారి పేరు రోగి బంధువులందరికీ గుర్తుంటుంది. తలవైపున నిలిచినవారి పేరు చాలామందికి తెలియనే తెలియదు. అటువంటి కావలి విద్యను మన హైదరాబాదులోనే నేర్చి, సుమారు మూడు దశాబ్దాల పాటు ఆచరించి, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా గుర్తింపు పొందిన విదుషీమణి డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ.

రూపాబాయి హైదరాబాదు నగరంలోని పార్సీ సమాజానికి చెందినవారు. ఆమె విద్యార్థి దశలో ఉన్ననాటికి తెలంగాణ ప్రాంతమంతా నిజాము ప్రభువుల ఏలుబడిలో ఉండేది. నేటి కరీంనగర్ ప్రాంతాన్ని ఆనాడు ఎలగందల జిల్లాగా వ్యవహరించేవారు. రాజ్యమంతటిలో పాశ్చాత్య వైద్యం నేర్పే విద్యాలయం రాజధానిలోనే ఉండేది. 1846లో నెలకొల్పిన ఆ హైదరాబాదు వైద్య పాఠశాలలో మొదట బోధన ఉర్దూలో సాగేది. ఎడ్వర్డ్ లారీ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు 1885 ప్రాంతంలో హైదరాబాదుకు రెసిడెన్సీ వైద్యుడుగా వచ్చి, ఆ పాఠశాల బాధ్యతలను కూడా స్వీకరించాడు. ఆయన కాలంలో అక్కడ ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది, స్త్రీలకు కూడా వైద్యవిద్య అందింది.

అది అంతఃపుర స్త్రీలూ సంపన్న కుటుంబాల స్త్రీలూ పరదా దాటని కాలం. వ్యాధి ఎంత ముదిరినా పరపురుషుడైన వైద్యునికి నాడి చూపించడానికి కూడా వారిలో చాలామంది వెనుకాడేవారు. స్త్రీలకు వైద్యం అందాలంటే స్త్రీలే వైద్యులు కావలసి ఉండెను. ఈ అవసరాన్ని గుర్తించిన వాతావరణంలో, 1885లో హైదరాబాదు వైద్య పాఠశాలలో ఐదుగురు స్త్రీలు చేరారు. వారిలో రూపాబాయి ఒకరు. ఆడపిల్లకు అక్షరాభ్యాసమే అరుదైన రోజుల్లో శవపరీక్షల గదిలో, శస్త్రచికిత్సాలయంలో పురుషులతో సమానంగా నిలబడి చదవడానికి ఎంత మనోధైర్యం కావాలో ఊహించవచ్చును. ఆ చదువును ఆమె 1889లో పూర్తిచేసి వైద్య పట్టాను అందుకున్నారు.

ఆమె విద్యార్థినిగా గడిపిన ఆ నాలుగు సంవత్సరాలే హైదరాబాదు పేరు ప్రపంచ వైద్యరంగంలో మారుమ్రోగిన సంవత్సరాలు కూడా. దానికి కారణం క్లోరోఫారం. 1847 నవంబరులో స్కాట్లాండులోని ఎడింబరో నగరంలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే వైద్యుడు ఈ ద్రవపు ఆవిరిని మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. అంతకు ముందు రోగిని నలుగురు గట్టిగా పట్టుకొని ఉండగా, అతడు ఆక్రందిస్తూ ఉండగా శస్త్రచికిత్సలు జరిగేవి. క్లోరోఫారం ఆ బాధను తొలగించింది. గుడ్డపై చల్లి ముక్కు వద్ద పట్టుకుంటే చాలు, కొద్ది నిమిషాలలో రోగి స్పృహ కోల్పోయేవాడు. ఖరీదైన పరికరాలతో పనిలేదు గనుక అది వేగంగా ప్రపంచమంతా వ్యాపించింది. కాని మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, నిమిషాల్లో మరణించింది. ఆ తరువాత కూడా అప్పుడప్పుడు, ఆరోగ్యవంతులైన వారు సైతం, చిన్న చిన్న చికిత్సల సందర్భంలో ఈ మత్తులో ప్రాణాలు విడిచారు.

ఈ మరణాలకు కారణమేమిటన్న ప్రశ్నపై వైద్యలోకం రెండుగా చీలింది. క్లోరోఫారం గుండెను హఠాత్తుగా ఆపివేస్తుందనీ, కనుక వైద్యుడు నాడిని పట్టుకొని ఉండాలనీ లండన్ వైద్యులలో ఎక్కువమంది భావించారు. మొదట ఆగేది శ్వాసయే గాని గుండె కాదనీ, కనుక ఊపిరినే గమనించాలనీ ఎడింబరో సంప్రదాయం వారు వాదించారు. లారీ ఎడింబరోలో జేమ్స్ సైమ్ అనే సుప్రసిద్ధ శస్త్రవైద్యుని వద్ద చదువుకున్నవాడు. గురువు చెప్పిన ఊపిరి సూత్రాన్ని ఆయన జీవితాంతం వదలలేదు.

ఈ వివాదాన్ని తేల్చడానికి ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ముందుకు వచ్చింది. 1888లో లారీ ఆధ్వర్యంలో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ ఏర్పడింది. దాని నిర్ణయాలను లండన్ నుండి వెలువడే ప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్ అంగీకరించలేదు. అప్పుడు నిజాము ప్రభుత్వం 1,000 పౌండ్లు వ్యయానికి ఇచ్చి, పత్రిక తరఫున ఒక నిపుణుణ్ణి పంపవలసిందిగా కోరింది. ఆ కోరిక మేరకు లాడర్ బ్రంటన్ అనే ఔషధశాస్త్ర పండితుడు 1889లో హైదరాబాదు వచ్చాడు. క్లోరోఫారం గుండెనే ముందుగా ఆపుతుందని నమ్ముతూ వచ్చిన ఆయన, వందలాది జంతువులపై జరిపిన ప్రయోగాలను కళ్ళారా చూసిన పిమ్మట అభిప్రాయం మార్చుకున్నాడు. రెండవ కమిషన్ కూడా శ్వాసయే ముందుగా ఆగుతుందని తేల్చింది.

ఆ కమిషన్ వైద్యులకు కొన్ని స్పష్టమైన నియమాలను సూచించింది. రోగిని వెల్లకిల పడుకోబెట్టాలి. ఛాతీకి, పొట్టకు బిగుతైన బట్టలేవీ అడ్డు ఉండరాదు. మత్తు ఇచ్చే వ్యక్తి శస్త్రచికిత్స వైపు చూపు మరల్చక ఊపిరిని మాత్రమే గమనించాలి. మత్తులో కండరాలు సడలినప్పుడు నాలుక వెనుకకు జారి గాలిదారిని మూసివేస్తుంది గనుక దవడను పైకెత్తి పట్టాలి. శ్వాస ఏమాత్రం తడబడినా మందు గుడ్డను తొలగించాలి. అది ఆగిపోతే వెంటనే కృత్రిమ శ్వాస కల్పించాలి. చూడడానికి ఇవి చిన్న విషయాలు. వీటిని ఒక్కొక్క రోగి విషయంలోనూ ఏమరుపాటు లేకుండా పాటించడమే మహాకార్యం.

ఆ పాఠశాలలో, ఆ చర్చల నడుమ చదువు ముగించిన రూపాబాయి, 1889 నుండి 1917 వరకు హైదరాబాదు ఆస్పత్రులలో క్లోరోఫారం ఇచ్చే బాధ్యతను నిర్వహించారు. తరువాతి కాలంలో సుల్తాన్ బజారు ఆస్పత్రిగా పేరొందిన రెసిడెన్సీ ఆస్పత్రిలోనూ, ఉస్మానియా ఆస్పత్రికి పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలోనూ, స్త్రీల కోసం ఏర్పడిన విక్టోరియా జనానా ఆస్పత్రిలోనూ ఆమె సేవలందించారు. ఆ రోజుల్లో అనేక దేశాలలో మత్తు ఇవ్వడం ప్రత్యేక శాస్త్రంగా ఎంచబడలేదు. చేతికి దొరికిన సహాయకునికో కొత్తగా చేరిన విద్యార్థికో ఆ పని అప్పగించేవారు. వైద్యపట్టా పొందిన ఒక స్త్రీ దానినే తన వృత్తిగా స్వీకరించడం అపూర్వ విషయం. అమెరికాలో మహిళా వైద్యులు ఈ రంగంలో పేరు తెచ్చుకున్నది 1890ల చివరి సంవత్సరాలలో. రూపాబాయి అప్పటికే కొన్నేళ్లుగా హైదరాబాదులో ఆ పనిలో ఉన్నారు.

ఆనాటి శస్త్రచికిత్సాలయంలో రక్తంలోని ప్రాణవాయువును కొలిచే సాధనాలు లేవు, గుండె లయను తెరపై చూపే యంత్రాలు లేవు. మత్తు ఇచ్చేవారికి ఉన్న పరికరాలు తమ కళ్ళూ చెవులూ చేతులూ మాత్రమే. ఛాతీ పొంగుతున్నదా, పొట్ట కదలిక క్రమంగా ఉన్నదా, గాలి వచ్చిపోయే సవ్వడి మారినదా, పెదవుల రంగు నీలిమకు తిరుగుతున్నదా అన్న లక్షణాలను క్షణక్షణం చూసుకోవాలి. మందు తక్కువైతే రోగి బాధతో కదులుతాడు. ఎక్కువైతే శాశ్వత నిద్రలోకి జారుతాడు. ఈ రెండింటి మధ్యనున్న సన్నని దారిలో వేలాది శ్వాసలను లెక్కబెడుతూ నడవడమే రూపాబాయి నిత్యకృత్యం.

1908 సెప్టెంబరు 28న మూసీ నది ఉప్పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. నది ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆ వరదలో ధ్వంసమైంది. ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి సంవత్సరం, 1909లో, అప్పటికే 20 ఏళ్ల అనుభవం గల రూపాబాయి మళ్ళీ విద్యార్థినిగా మారి ఎడింబరో ప్రయాణమయ్యారు. మత్తు వైద్యానికి ప్రత్యేక పాఠ్యక్రమం ఆనాడు లేదు. ఆవిరులు, వాయువులు, వాటి పీడనాలు, ద్రావణీయతలు తెలియనిదే ఆ విద్య పరిపూర్ణం కాదు గనుక ఆమె అక్కడ భౌతిక, రసాయన శాస్త్రాలను అభ్యసించి పట్టాలు పొందారు. పేరుప్రతిష్ఠలు వచ్చిన తరువాత కూడా, తాను నిత్యం చేసే పనికి మూలమైన శాస్త్రాన్ని తెలుసుకోవడం కోసం సముద్రాలు దాటి వెళ్ళడం ఆమె జ్ఞానతృష్ణకు నిదర్శనం.

ఇక్కడ ఒక సత్యాన్ని దాచకుండా చెప్పుకోవాలి. హైదరాబాదు కమిషన్ నిర్ణయం సగం మాత్రమే నిజం. 1911 ప్రాంతంలో గుడ్‌మన్ లెవీ అనే ఆంగ్ల శాస్త్రవేత్త పిల్లులపై ప్రయోగాలు చేసి, క్లోరోఫారం మత్తు పలుచగా ఉన్న వేళ, భయోద్రేకాలలో శరీరంలో ఊరే అడ్రినలిన్ వంటి ద్రవ్యం తోడైతే, గుండె గదులు లయ తప్పి కంపించి హఠాత్తుగా ఆగిపోగలవని నిరూపించాడు. చిన్న చికిత్సలకు కొద్దిపాటి మత్తు ఇచ్చిన వేళ సంభవించిన మరణాలు ఎన్నింటికో ఇది సమాధానమైంది. మందు మోతాదు మించితే శ్వాస ముందుగా ఆగుతుందన్న లారీ మాట నిజమే. అన్ని మరణాలకూ అదే కారణమన్నది మాత్రం పొరపాటు. నాడిని చూడవలసిన పనే లేదన్న ఆయన పట్టుదల అపాయకరమైనది. గురువు మీద భక్తి గొప్పదే గాని, అది ప్రత్యక్ష ప్రమాణానికి అడ్డు రాకూడదని ఈ ఘట్టం హెచ్చరిస్తుంది. ఈనాటి మత్తు వైద్యులు ఊపిరినీ గుండెనూ రెండింటినీ సమానంగా కనిపెట్టి ఉంటారు. క్లోరోఫారం సైతం క్రమంగా వైద్యరంగం నుండి తొలగిపోయింది.

అయితే హైదరాబాదు నేర్పిన ముఖ్యపాఠం, అనగా ఊపిరి కదలికను ఎడతెగక గమనించడమన్నది, కొత్త రూపాలలో కొనసాగింది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించి వందలాది మందికి శ్వాసకండరాలు చచ్చుబడ్డాయి. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు శస్త్రచికిత్సాలయంలో తాము నిత్యం చేసే పనినే రోగి మంచం దగ్గరకు తెచ్చాడు. గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ గాలిని ఊపిరితిత్తులలోకి పంపించాడు. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు ఆ సంచులను నొక్కి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. ఆ చేతుల స్థానంలో తరువాత యంత్రాలు వచ్చాయి. వాటినే నేడు వెంటిలేటర్లు అంటున్నాము.

గాలిని లోపలికి పంపినంత మాత్రాన పని పూర్తికాదని ఆ పిమ్మట తెలిసింది. మన ఊపిరితిత్తులలో కోట్లాది వాయుగోణులు ఉంటాయి. వాటి లోపలి గోడలను ఒక పలుచని తేమపొర కప్పి ఉంటుంది. నీటికి గల తలతన్యత వల్ల ఆ తడిగోడలు దగ్గరకు లాగబడుతుంటాయి. తడిసిన పాలిథిన్ సంచి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోవడం మనం చూస్తూనే ఉంటాము. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులు ఆ తన్యతను తగ్గించే ఒక ద్రవ్యాన్ని స్వయంగా తయారు చేసుకుంటాయి. దెబ్బ తగిలినప్పుడు, తీవ్రమైన జ్వరం సోకినప్పుడు ఆ ద్రవ్యం క్షీణించి, గోణులలో నీరు చేరి, నిశ్వాసం చివర అవి ముడుచుకుపోతాయి. మత్తులో పడుకున్న ఆరోగ్యవంతుని ఊపిరితిత్తులలో సైతం వీపువైపు భాగాలు కొంత ముడుచుకుంటాయని తరువాతి పరిశోధనలు వెల్లడించాయి.

రబ్బరు బుడగను ఊదేటప్పుడు మొదటి ఊపిరికే బుగ్గలు నొప్పిపుడతాయి. కొంచెం ఉబ్బిన తరువాత ఊదడం సులభమవుతుంది. బుడగను పూర్తిగా ముడుచుకోనీయకుండా కొంత గాలి నిలిపితే ప్రతిసారీ ఆ మొదటి కష్టం పడవలసిన పని లేదు. వెంటిలేటరు కూడా ఇదే చేస్తుంది. రోగి ఊపిరి విడిచిన తరువాత సైతం లోపల కొద్దిపాటి పీడనాన్ని నిలిపి ఉంచి, గోణులు మూతపడకుండా కాపాడుతుంది. తీవ్రంగా దెబ్బతిన్న ఊపిరితిత్తులకు ఈ పద్ధతి మేలు చేస్తుందని 1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు 12 మంది రోగుల అనుభవంతో ప్రకటించారు. 2020లో మొదలైన కరోనా ఉపద్రవంలో మన రాష్ట్రంలోనూ ఎందరో రోగులకు ఈ పీడనమే ఆధారమైంది. ఇది కూడా క్లోరోఫారం వలె మోతాదు ఎరిగి వాడవలసినదే. పీడనం చాలకపోతే గోణులు ముడుచుకుంటాయి, మించిపోతే చిట్లిపోతాయి. రక్తప్రసరణ కూడా మందగిస్తుంది. కనుక యంత్రం ఎంత నేర్పు గలదైనా, దాని ప్రక్కన మెలకువతో నిలిచే మనిషి అవసరం తీరలేదు.

రూపాబాయి కాలానికి వెంటిలేటర్లు లేవు. గోణుల లోపలి తన్యతను గురించి ఎవరూ ఎరుగరు. అయినా ఆమె తన రోగుల తలవైపున నిలిచి చేసిన పని, నేటి అత్యవసర చికిత్సా విభాగాలలో యంత్రాల నడుమ వైద్యులు, నర్సులు చేస్తున్న పని ఒకే కోవకు చెందినవి. ఆమె 1920లో చాదర్‌ఘాట్ ఆస్పత్రి పర్యవేక్షకురాలి పదవి నుండి విరమించారు. తలవైపున నిలిచే సహాయకురాలిగా ఆరంభమైన వృత్తిజీవితం, ఒక ఆస్పత్రికి అధిపతిగా ముగిసింది.

రూపాబాయి కొత్త మందును కనుగొనలేదు, కొత్త యంత్రాన్ని నిర్మించలేదు. తన చేతికి అప్పగించిన ప్రాణాన్ని, అది తిరిగి తన ఊపిరి తాను పీల్చుకునేవరకు కనురెప్ప వాల్చక కాపాడారు. మత్తు వదిలి కళ్ళు తెరిచిన రోగులలో చాలామందికి ఆమె ముఖం కూడా గుర్తుండి ఉండదు. గుర్తింపు ఆశించక, ఏకాగ్రతనే సేవగా మలచుకొని, ఎంత వయసు వచ్చినా నేర్చుకోవడం మానక జీవించిన ఆమె చరిత్ర విద్యార్థులకు, ముఖ్యంగా వైద్యవృత్తిని కోరుకునే విద్యార్థినులకు, ఎల్లప్పుడూ ఆదర్శప్రాయం.